పీణ్య ప్యానెల్ డైరీ: అవుట్‌పుట్ కార్డుకు ఫ్యూజా, బ్రేకరా?

సోమవారం

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజ్‌లో, ప్యానెల్ పని చేసే మా షెడ్డుకు నాలుగు వీధుల అవతల ఆటో విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ ఒకటుంది. అక్కడి వాషింగ్ మెషీన్‌ది ఈ పని. బట్టలుతికేది కాదు, మెషినింగ్ అయిన అల్యూమినియం హౌసింగులను వేడి సబ్బు నీళ్లతో కడిగి గాలితో ఆరబెట్టేది. మూడు నెలల్లో దీని పీఎల్‌సీ (మెషీన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) నుంచి వాల్వులను ఆన్, ఆఫ్ చేసే అవుట్‌పుట్ కార్డులు రెండు పోయాయి. రెండోసారి లైన్ ఒకటిన్నర షిఫ్టు ఆగింది.

మెయింటెనెన్స్ చూసే పెద్దాయనది చిత్తూరు. పొద్దున్నే ఫోన్ చేసి, "బాబూ, ఈసారి కార్డు మార్చేసి వెళ్లిపోవద్దు. ఎందుకు పోతోందో పట్టుకో, మళ్లీ పోకుండా దారి చూపించు" అన్నారు. ఇలా అడిగే కస్టమర్ దొరకడం అరుదు. చాలామందికి మెషీన్ తిరిగితే చాలు. అందుకే ఈ పని మొదటి నుంచి రాసి పెట్టుకోవాలనిపించింది.

ప్యానెల్ తెరిచి చూశాను. మెయిన్స్ కరెంట్‌ను 24 వోల్ట్ డీసీగా మార్చే 10 ఆంపియర్ ఎస్ఎంపీఎస్ ఒకటి. దాని తర్వాత ఒక్కటే ఒక్క సి6 ఎంసీబీ, అంటే సి-కర్వ్ రకం 6 ఆంపియర్ బ్రేకర్. దాని కిందే సీపీయూ, స్క్రీన్, సెన్సర్లు, 16 ఛానెళ్ల ట్రాన్సిస్టర్ కార్డు (ఒక్కో ఛానెల్‌కు స్విచ్‌లా పనిచేసే ఒక్కో ట్రాన్సిస్టర్), అన్నీ ఒకే లైన్ మీద. కార్డు నుంచి వాల్వులకు వైర్లు నేరుగా బయటికి వెళ్లిపోయాయి. మధ్యలో ఒక్క ఫ్యూజ్ లేదు. ఈ కార్డు డేటాషీట్‌లో ఛానెల్‌కు 0.5 ఆంపియర్ అనీ, లోపల షార్ట్ రక్షణ లేదు, బయట ఫ్యూజ్ పెట్టుకోవాలనీ స్పష్టంగా ఉంది.

పోయిన కార్డులను పెద్దాయన పారేయకుండా దాచారు. వాటిని చూస్తే సగం కథ తెలిసిపోయింది. మొదటి దానిలో 6వ ఛానెల్ ట్రాన్సిస్టర్ పగిలి, కామన్‌కు వెళ్లే రాగి ట్రాక్ నల్లగా మాడిపోయింది. రెండోది పైకి కొత్తదానిలా ఉంది. మీటర్ పెడితే 11వ ఛానెల్‌లో ప్లస్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య సున్నా ఓమ్‌లు. అంటే ట్రాన్సిస్టర్ చనిపోయింది, కానీ ఆన్ స్థితిలో చనిపోయింది.

ఇది వినగానే ఆపరేటర్‌కు గుర్తొచ్చింది. ఆ రోజు నీళ్ల వాల్వ్ మూతపడలేదట. ట్యాంక్ పొంగి నేలంతా నీళ్లయ్యాయట. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కినా ఆగలేదట. చూస్తే ఎమర్జెన్సీ స్టాప్ వైర్ పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు మాత్రమే వెళ్తోంది. ప్రోగ్రామ్ 'ఆఫ్' అని ఎన్నిసార్లు చెప్పినా షార్ట్ అయిపోయిన ట్రాన్సిస్టర్ వినదు. ఈ రోజు నేను పట్టుకున్న వాటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. నీళ్ల వాల్వ్ కాబట్టి నేల తడిసింది. అదే క్లాంప్ సిలిండర్ అయ్యుంటే లోపల ఎవరి చెయ్యైనా ఇరుక్కుని ఉండేది.

మంగళవారం

మా వైర్‌మన్‌ది మదనపల్లె, తమ్ముడూ అని పిలుస్తాను. వాడూ నేనూ ఇవాళంతా మెషీన్ కిందే ఉన్నాం. 6వ వాల్వ్ కేబుల్ డ్రాగ్ చైన్‌లో (మెషీన్‌తో పాటు కదిలే కేబుళ్లను మోసే గొలుసు) ఒకే చోట రాసుకుని రాసుకుని పై పొర పోయింది. లోపలి రాగి తీగ ఆ చైన్ లోహపు గోడకు తగులుతోంది. ప్యానెల్‌లో 0 వోల్ట్ బస్‌ను, అంటే మైనస్ వైర్లన్నీ కలిసే పట్టీని, ఎర్త్‌కు కలిపారు. అది సరైన పనే. కాబట్టి 24 వోల్ట్ వైర్ ఫ్రేమ్‌కు తగిలిందంటే నేరుగా డెడ్ షార్ట్. కార్డు ఒకటి అలా పోయింది.

11వది వేరే జబ్బు. ఆ నీళ్ల వాల్వ్ కాయిల్‌ను ఆర్నెల్ల కింద మార్చారట. తమ్ముడు టార్చ్ పెట్టి కాయిల్ మీది అక్షరాలు చదివాడు. "అన్నా, 18 వాట్ అని ఉంది." 18ని 24తో భాగిస్తే 0.75 ఆంపియర్. 0.5 ఆంపియర్ ఛానెల్ మీద రోజుకు ఇరవై గంటలు. మిగతా వాల్వులన్నీ 4.8 వాట్లవే, అంటే 0.2 ఆంపియర్. వాటితో ఏ సమస్యా లేదు.

అంటే రెండు కార్డులవి రెండు వేరు వేరు చావులు. ఒకటి షార్ట్, రెండోది ఓవర్‌లోడ్. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

ఒక విషయంలో ఈ ప్యానెల్ అదృష్టం బాగుంది. ఇవి పీఎన్‌పీ అవుట్‌పుట్‌లు, అంటే కార్డు ప్లస్‌ను పంపుతుంది. ఎన్‌పీఎన్ అయ్యుంటే వాల్వ్‌కు ఒక వైపు ఎప్పుడూ 24 వోల్ట్ ఉంటుంది, కార్డు మైనస్ వైపును కలుపుతుంది. అప్పుడు ఆ వైరు ఫ్రేమ్‌కు తగిలితే వాల్వ్ దానంతట అదే ఆన్ అయిపోతుంది. కరెంట్ కాయిల్ గుండా మామూలుగానే వెళ్తుంది కాబట్టి ఏ ఫ్యూజూ పోదు. మెషీన్ మాత్రం ఎవరూ చెప్పకుండా కదులుతుంది. పాత మెషీన్లలో ఎన్‌పీఎన్ కార్డులు కనిపిస్తే నేను మొదట ఈ మాటే కస్టమర్‌కు చెబుతాను.

బుధవారం

ఇవాళ షెడ్డులోనే కాగితం, కాలిక్యులేటర్. పెద్దాయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. "ప్రతి ఛానెల్‌కూ అర ఆంపియర్ ఫ్యూజ్ పెట్టేస్తే సరిపోదా బాబూ?"

సరిపోదు. ఫ్యూజ్ తెగాలంటే లోపలి తీగ వేడెక్కి కరగాలి. ఎంత వేగమైన ఫ్యూజ్ అయినా ఆ కొద్ది సమయం పడుతుంది. రక్షణ లేని చిన్న ట్రాన్సిస్టర్‌కు డెడ్ షార్ట్‌లో అంత ఆయుష్షు ఉండదు. ఫ్యూజ్ కరిగేలోపే దాని పని అయిపోతుంది. ఇద్దరిలో ఎవరు ముందు పోతారన్న పందెంలో చాలాసార్లు ట్రాన్సిస్టరే ముందుంటుంది. ఫ్యూజ్ కాపాడేది కార్డు ట్రాక్‌ను, వైర్‌ను, పక్క ఛానెళ్లను. అది చిన్న విషయం కాదు, కానీ 'ఫ్యూజ్ ఉంది కదా, కార్డు భద్రం' అనుకోవడం తప్పు.

ఓవర్‌లోడ్ సంగతి ఇంకా స్పష్టం. 5 x 20 మిల్లీమీటర్ల గాజు ఫ్యూజులకు ఐఈసీ 60127 ప్రమాణం ఉంది. అందులో ఫాస్ట్ రకానికి చెప్పిన లెక్క ఇది: రేటింగ్‌కు 1.5 రెట్లు కరెంట్ వెళ్తుంటే కనీసం గంటసేపు తెగకూడదు. 2.1 రెట్ల దగ్గర అరగంటలోపు తెగాలి. 10 రెట్ల దగ్గర 20 మిల్లీసెకన్లలోపు తెగాలి.

ఇప్పుడు ఆ 18 వాట్ల కాయిల్ చూడండి. 0.75 ఆంపియర్ అంటే 500 మిల్లీఆంపియర్ ఫ్యూజ్‌కు సరిగ్గా 1.5 రెట్లు. ప్రమాణం ప్రకారం ఆ ఫ్యూజ్ గంట దాకా తెగకుండా ఉండటమే సరైన ప్రవర్తన. ఈలోపు ట్రాన్సిస్టర్ కాగుతూనే ఉంటుంది. అంటే ఓవర్‌లోడ్‌ను ఫ్యూజ్‌తో ఆపలేం. లోడ్ పట్టిక వేసి, ఎక్కువ తినే కాయిల్‌ను ఆ ఛానెల్ మీదికి రానివ్వకుండా చూసుకోవాలి.

ఇంకో దారి, లోపలే ఎలక్ట్రానిక్ రక్షణ ఉన్న కార్డు. అలాంటివి చాలా ఉన్నాయి, మంచివే. కానీ దాని వెనక ఫ్యూజ్ పెట్టి నిశ్చింతగా ఉండటం కుదరదు. కార్డు తనే కరెంట్‌ను ఒక ఆంపియర్ దగ్గర బిగించేస్తే, 500 మిల్లీఆంపియర్ ఫ్యూజ్‌కు అందేది రెండు రెట్లే. అది నిమిషాల తరబడి తెగకపోవచ్చు. పైగా ఇక్కడి సీపీయూకు సరిపోయే కార్డుల్లో ఆ రకం లేదు.

కాబట్టి నా నిర్ణయం: మెషీన్ మీది ఏ వైరూ కార్డును తాకకూడదు. 16 ఛానెళ్లూ ప్యానెల్‌లోనే ఉండే 6 మిల్లీమీటర్ల సన్న రిలేలను (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను కలిపే స్విచ్‌లు) మాత్రమే నడపాలి. ఆ రిలే కాయిల్ తినేది 7 మిల్లీఆంపియర్లు. కార్డుకు అది లెక్కలోకే రాదు. వాల్వులకు వెళ్లే కరెంట్ రిలే కాంటాక్ట్ నుంచి, దాని ముందున్న ఫ్యూజ్ నుంచి వెళ్తుంది. బయట షార్ట్ అయితే ఫ్యూజ్ పోతుంది. మరీ గ్రహచారం బాగోలేకపోతే రిలే పోతుంది. ఆ రెండూ ఐదు నిమిషాల్లో మార్చేవే.

దీనికి ఒక మినహాయింపు రాత్రి భోజనం చేస్తుంటే తట్టింది. గాలితో ఆరబెట్టే నాజిల్ వాల్వ్ సెకనుకు రెండుసార్లు కొట్టుకుంటుంది. 90 సెకన్ల సైకిల్‌లో 20 సెకన్లు, అంటే సైకిల్‌కు 40 దెబ్బలు. రోజుకు 20 గంటలు నడిస్తే 800 సైకిళ్లు, 32,000 దెబ్బలు. రిలే మెకానికల్ ఆయుష్షు కోటి సార్లు అనుకున్నా 312 రోజుల్లో అయిపోతుంది. కాంటాక్ట్‌ల ఆయుష్షు అంతకన్నా తక్కువే. ఆ ఒక్కదానికి అదే సైజులో దొరికే, కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ మాడ్యూల్ పెట్టాలి. కంచం ముందు నుంచి లేచి వెళ్లి కాగితం మీద రాసుకున్నాను.

గురువారం

ఈ రోజు కోసమే ఎదురుచూశాను. పాత ఎస్ఎంపీఎస్‌ను బల్ల మీద పెట్టి, 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు 22 మీటర్లు వెళ్లి 22 మీటర్లు తిరిగి వచ్చేలా చుట్టి, చివర ఒక కాంటాక్టర్‌తో షార్ట్ చేసే ఏర్పాటు చేశాం. కార్డు పెట్టలేదు. 24 వోల్ట్ లైన్ మీద వోల్టేజ్ మార్పులను గీతగా చూపే స్కోప్.

ముందు లెక్క. ఆ వైరుకు మీటరుకు 0.026 ఓమ్. 44 మీటర్లకు 1.14 ఓమ్. 24ని దానితో భాగిస్తే 21 ఆంపియర్లు. వైరు ఒప్పుకునేది అంత. కానీ ఎస్ఎంపీఎస్ ఇవ్వగలిగింది 13 దగ్గరే ఆగిపోతుంది. దానిలో కరెంట్ లిమిట్ ఉంది. ఇంట్లో మెయిన్స్ లైన్ లాగా వందల ఆంపియర్లు తోసేయదు.

ఇక ఎంసీబీ. సి-కర్వ్ అంటే రేటింగ్‌కు 5 నుంచి 10 రెట్ల దగ్గర వెంటనే పడుతుంది, అంటే కరెంట్ కట్ చేస్తుంది. అది ఏసీ లెక్క. డీసీలో ఆ హద్దు దాదాపు ఒకటిన్నర రెట్లు పైకి జరుగుతుందని కేటలాగులు చెబుతాయి. అంటే ప్యానెల్‌లో ఉన్న సి6 వెంటనే పడాలంటే 45 నుంచి 90 ఆంపియర్లు కావాలి. మన దగ్గర ఉన్నది 13.

మొదటి పరీక్ష సి6తో. షార్ట్ చేయగానే 24 వోల్ట్ లైన్ 15కు పడిపోయింది, వెంటనే సున్నాకు వెళ్లింది. ఎస్ఎంపీఎస్ ఆగి, మళ్లీ లేవబోయి, మళ్లీ ఆగుతూ టిక్ టిక్ అంటోంది. ఎంసీబీ కదల్లేదు. అర నిమిషం పట్టుకున్నాం, కదల్లేదు. ఎంసీబీ లోపల ఒక పట్టీ వేడెక్కి వంగితే అది పడాలి, సరఫరా ఆగి ఆగి వస్తుంటే ఆ పట్టీకి వేడెక్కే అవకాశమే రాదు. ఈలోపు అదే లైన్ మీదున్న సీపీయూ ఎప్పుడో ఆరిపోయి ఉండేది. మెషీన్ ఒక్కోసారి 'కారణం లేకుండా' రీస్టార్ట్ అవుతోందని పెద్దాయన చెప్పింది ఇదే. చైన్‌లో వైరు తగిలిన ప్రతిసారీ జరిగేది ఇదన్నమాట.

సి2తో పడింది, తొమ్మిది సెకన్లకు. సీపీయూకు ఆ తొమ్మిది సెకన్లు ఎక్కువ. 2 నుంచి 3 రెట్లకే పడే జెడ్-కర్వ్ ఎంసీబీ ఉంటే డీసీలోనూ పని జరిగేది, కానీ అడిగిన దుకాణాల్లో లేదు, ఆర్డర్ పెట్టి వారాలు ఆగాలన్నారు.

మూడో పరీక్ష 500 మిల్లీఆంపియర్ ఫాస్ట్ గాజు ఫ్యూజ్. చిన్న మెరుపు, అంతే. స్కోప్ మీద చూస్తే మిల్లీసెకను కూడా పట్టలేదు. 24 వోల్ట్ లైన్ 22.6 దాకా దిగి తిరిగి లేచింది. ఆ గీత చూసి మా తమ్ముడు, "ఇంత చిన్నదానికి ఎంత పని ఉందన్నా!" అన్నాడు. నాకూ అదే అనిపించింది. ఇన్నేళ్లుగా ఎంసీబీ అంటే ఆధునికం, గాజు ఫ్యూజ్ అంటే పాతకాలం అన్న భావన మా ప్యానెల్ వాళ్లలో పాతుకుపోయింది. ఎస్ఎంపీఎస్ వెనక, సన్న వైర్ల మీద, ఆ చిన్న గాజు గొట్టమే నిజంగా పనిచేస్తోంది.

నాలుగోది, ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చిన నాలుగు ఛానెళ్ల ఎలక్ట్రానిక్ బ్రేకర్. 4 ఆంపియర్‌కు సెట్ చేసి షార్ట్ చేస్తే, కరెంట్‌ను 1.8 రెట్ల దగ్గర, అంటే 7 ఆంపియర్ల చిల్లర దగ్గర బిగించి పట్టుకుని, 100 మిల్లీసెకన్ల తర్వాత కట్ చేసింది. 24 వోల్ట్ లైన్ చెక్కు చెదరలేదు. ధర మాత్రం మంచి ఎంసీబీలకు చాలా రెట్లు.

రెండూ కలిపితే ఎలా ఉంటుందో కూడా చూశాం. పైన 4 ఆంపియర్ ఎలక్ట్రానిక్ బ్రేకర్, కింద వాల్వ్‌కొక 500 మిల్లీఆంపియర్ ఫ్యూజ్. బ్రేకర్ వదిలే 7 ఆంపియర్లు ఈ ఫ్యూజ్‌కు 14 రెట్లు. కాబట్టి 20 మిల్లీసెకన్లలోపే ఫ్యూజ్ పోవాలి, బ్రేకర్ 100 దాకా ఆగుతుంది. ఐదుసార్లు చేశాం. ఐదుసార్లూ ఫ్యూజే పోయింది, బ్రేకర్ నిలబడింది. ఒక వాల్వ్ చెడితే ఒక వాల్వే ఆగడం అంటే ఇదే.

శుక్రవారం

సామాన్ల కోసం ఎస్పీ రోడ్, అక్కడి నుంచి బీవీకే అయ్యంగార్ రోడ్. మెట్రోలో వెళ్లి రావడమే సుఖం, ఆ సందుల్లో బండి పెట్టే చోటు ఉండదు.

ఫ్యూజుల దగ్గర ఒక జాగ్రత్త. సైజు ఒకటే అయినా గాజుదీ, సిరామిక్‌దీ ఒకటి కాదు. మామూలు గాజు ఫ్యూజ్ భద్రంగా తెంచగలిగేది 35 ఆంపియర్లు లేదా రేటింగ్‌కు 10 రెట్లు, వాటిలో ఏది ఎక్కువైతే అంతవరకే. ఇసుక నింపిన సిరామిక్ రకం 1500 ఆంపియర్ల దాకా. మన 24 వోల్ట్ వైపు 13 ఆంపియర్లే కాబట్టి గాజు చాలు. కానీ ఇదే ప్యానెల్‌లో పంపుల కాంటాక్టర్ కాయిల్స్ 230 వోల్ట్ ఏసీవి. అక్కడ షార్ట్ అయితే వచ్చే కరెంట్‌కు గాజు గొట్టం పేలిపోవచ్చు. వాటికి సిరామిక్, అదీ 2 ఆంపియర్ టైమ్ లాగ్ రకం తీసుకున్నాను. ఏసీ కాయిల్ లాగుకునే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు తింటుంది, ఫాస్ట్ ఫ్యూజ్ పెడితే ఊరికే పోతుంది. డీసీ వాల్వ్ కాయిల్‌కు ఆ గొడవ లేదు, కాబట్టి అక్కడ ఫాస్ట్ సరైనది.

0.2 ఆంపియర్ వాల్వ్‌కు 315 మిల్లీఆంపియర్ కూడా పెట్టొచ్చు. మే నెలలో ఈ ప్యానెల్ లోపల వేడి 50 డిగ్రీలకు చేరుతుంది, పక్కపక్కనే 15 ఫ్యూజులు ఉంటాయి. అందుకని 500కే నిలబడ్డాను. పైగా రాత్రి షిఫ్టులో దొరకని రేటింగ్ పెడితే ఎవరో ఒకరు వైరు ముక్క చుట్టేస్తారు. అది నేను కళ్లారా చూశాను. 18 వాట్ల నీళ్ల వాల్వ్‌కు మాత్రం 1.25 ఆంపియర్.

ఎల్ఈడీ ఉన్న ఫ్యూజ్ టెర్మినళ్లు తీసుకున్నాం. ఫ్యూజ్ పోతే వెలుగుతుంది, కానీ ఆ వెలుగుకు కరెంట్ లోడ్ గుండానే వెళ్లాలి. ఫ్యూజ్‌ను రిలే కాంటాక్ట్ తర్వాత పెడితే, వాల్వ్ ఆఫ్‌లో ఉన్నంతసేపు ఎల్ఈడీ వెలగదు, వెతికేవాడు తికమకపడతాడు. ముందు పెట్టినా అంతే, కాంటాక్ట్ మూసుకున్నప్పుడే వెలుగుతుంది. దీన్ని చెప్పకపోతే 'ఎల్ఈడీ వెలగలేదు, ఫ్యూజ్ బాగుంది' అనుకుంటారు. అందుకే ప్యానెల్ తలుపు లోపల రాసి అంటించాలి.

శని, ఆదివారాలు

ఫ్యాక్టరీ సెలవు కాబట్టి రెండు రోజులూ మాకే. ఎస్ఎంపీఎస్ తర్వాత ఎలక్ట్రానిక్ బ్రేకర్ ఛానెళ్లు నాలుగు: సీపీయూ, స్క్రీన్ ఒకటి, సెన్సర్లు ఒకటి, కార్డు, రిలే కాయిల్స్ ఒకటి, వాల్వులు ఒకటి. వాల్వుల లైన్ కొత్తగా పెట్టిన సేఫ్టీ రిలే గుండా వెళ్తుంది. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే ఇక ప్రోగ్రామ్‌తో పని లేదు, వాల్వులకు కరెంటే ఉండదు. పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు సమాచారం మాత్రం వెళ్తుంది.

ప్రతి వాల్వ్ ప్లగ్‌నూ ఎల్ఈడీ, డయోడ్ ఉన్నదానితో మార్చాం. కాయిల్ ఆఫ్ అయినప్పుడు వెనక్కి కొట్టే వోల్టేజ్ రిలే కాంటాక్ట్‌ను ప్రతిసారీ కొంచెం కొంచెం కాలుస్తుంది. డయోడ్ ఉంటే అది అక్కడికక్కడే తిరిగి చల్లారుతుంది. డయోడ్ వల్ల వాల్వ్ మూసుకోవడం కొద్దిగా ఆలస్యమవుతుంది. గాలి నాజిల్‌కు ఆ ఆలస్యం పనికిరాదు, అందుకే దానికి డయోడ్ బదులు ద్విదిశ టీవీఎస్ (వోల్టేజ్ ఒక హద్దు దాటితేనే దాన్ని అణిచే భాగం) ఉన్న ప్లగ్.

ఆదివారం మధ్యాహ్నం ఒక్కో వాల్వ్‌నూ చేత్తో ఫోర్స్ చేస్తూ వచ్చాం. 9వది ఆన్ చేయగానే టక్‌మని ఫ్యూజ్ పోయింది, ఎల్ఈడీ వెలిగింది. తమ్ముడి ముఖం మాడిపోయింది. ప్లగ్‌లో ప్లస్, మైనస్ తారుమారైతే ఆ డయోడ్ నేరుగా షార్ట్ అవుతుంది, అదే జరిగింది. స్క్రీన్ వెలుగుతూనే ఉంది, సీపీయూ రన్‌లోనే ఉంది, 24 వోల్ట్ మీటర్ మీద 23.9. పాత ప్యానెల్‌లో ఇదే తప్పు జరిగితే ఇంకో కార్డు పోయేది. వాడు వైర్లు సరిచేసి, కొత్త ఫ్యూజ్ వేసి, "అన్నా, ఇంకోసారి ఆన్ చెయ్" అన్నాడు. వాల్వ్ టప్‌మని కొట్టింది.

మళ్లీ సోమవారం

మొదటి షిఫ్టుకు మెషీన్ ఇచ్చేశాం. లోడ్ పట్టికను తెలుగులో, కన్నడంలో రాసి తలుపు లోపల అంటించాం. ఏ వాల్వ్‌కు ఎన్ని వాట్లు, ఏ ఫ్యూజ్, గాజా సిరామిక్కా, అన్నీ అందులో ఉన్నాయి. కాయిల్ మార్చేవాళ్లు ముందు వాట్లు చూడాలని ఎర్ర అక్షరాల్లో పెట్టమని పెద్దాయనే చెప్పారు. పట్టిక కింద చిన్న డబ్బాలో 500 మిల్లీఆంపియర్‌వి పది, 1.25వి మూడు, సిరామిక్‌వి ఐదు, రిలేలు రెండు.

డ్రాగ్ చైన్ కేబుల్ ఇంకా పాతదే. అరిగిన చోట తాత్కాలికంగా తొడుగు వేశాం. వంగడానికి పనికొచ్చే సన్న పోగుల కేబుల్ బుధవారం వస్తుంది, ఆ సాయంత్రం రెండు గంటల షట్‌డౌన్ ఒప్పుకున్నారు. పక్కనే ఇలాంటిదే ఇంకో వాషింగ్ మెషీన్ ఉంది, అదే సి6, అదే కార్డు. దాని వాల్వ్ కాయిల్స్ మీది వాట్లన్నీ రాసుకుని రమ్మని తమ్ముణ్ని ఇవాళే పంపాను.